పదకొండుగురిని ఏరిన పంతులు: సయ్యద్ అబ్దుల్ రహీం

ఫుట్‌బాల్ ఆటలో తమ జట్టు ఓడిన నాటి సాయంకాలము ఊరూర ఒక న్యాయస్థానము వెలయును. రేపల్లె స్టేషను చెంత టీ దుకాణమైనను, కలకత్తా మైదానపు పచ్చిక అయినను అచ్చట జరుగు విచారణ ఒకే తీరున ఉండును. ఫలానావానిని ఏల ఆడించిరి? ఫలానావానిని ఏల కూర్చుండబెట్టిరి? పోయిన ఏడు అంత చక్కగా ఆడినవాడు ఈ ఏడు కాలు కదపలేకున్నాడే, వానిని ఇంకను మోయుట ఎందులకు? ఈ విధముగా ప్రశ్నించుట అభిమాని హక్కు. తన తీర్పు తప్పైనచో అతనికి వచ్చు నష్టము లేదు. మరునాడు దానిని మార్చుకొనవచ్చును, మరచిపోవచ్చును. జట్టును ఏరు భారము వహించినవానికి ఆ వెసులుబాటు లేదు. ఆట మొదలు కాకముందే అతడు తీర్పు చెప్పవలెను. పదకొండు పేర్లు చదివిన పిమ్మట, పేరు వినబడని పిల్లల ముఖములలోనికి చూడవలెను.

భారతదేశమున ఈ భారమును వహించినవారిలో అగ్రగణ్యుడు హైదరాబాదు నగరమునకు చెందిన ఒక బడిపంతులు. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆసియా క్రీడలలో భారతదేశము ఫుట్‌బాల్ స్వర్ణపతకమును రెండుసార్లే గెలిచినది. 1951లోను, 1962లోను గెలిచిన ఆ రెండు జట్లకును శిక్షకుడు ఆయనయే.

బడినుండి మైదానమునకు

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొందిరి. విద్యార్థిదశలో విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టున ఆడిరి. చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయవృత్తిని స్వీకరించి కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేసిరి. పిమ్మట వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పాఠశాలలలో ఆటల నిర్వహణ బాధ్యతను చేపట్టిరి.

ఈ ఉపాధ్యాయ జీవితము ఆయన తరువాతి కీర్తికి ఉపోద్ఘాతము వంటిది. తరగతిలో నలుబదిమంది పిల్లలను చూచు పంతులు ఎవడు చురుకైనవాడు, ఎవడు బెదురుగొడ్డు, ఎవనికి మందలింపు పనిచేయును, ఎవనికి మెచ్చుకోలు పనిచేయును అను విషయమును కొలది దినములలోనే గ్రహించును. పరీక్షలో వచ్చిన మార్కులు నిన్నటి సంగతిని చెప్పును. పిల్లవాని కన్నులు నేటి సంగతిని చెప్పును. రహీం ఈ చూపును మైదానమునకు తెచ్చిరి.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయిరి. మరణించువరకు ఆ పదవిలో కొనసాగిరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. అది మొదలుకొని ఆ జట్టు పేరు దేశమంతట మారుమ్రోగినది. బొంబాయిలో జరుగుచుండిన రోవర్సు కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు ఆ జట్టే గెలిచెను. నాడు ఢిల్లీలో జరుగుచుండిన డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరములలో గెలిచెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరుతో 1961లో మరల గెలిచెను. పెద్దజీతములిచ్చి ఆటగాండ్రను రప్పించు శక్తి పోలీసు జట్టునకు లేదు. కలకత్తాలోని గొప్ప క్లబ్బులు ఇచ్చట తయారైన ఆటగాండ్రను తరచుగా తీసికొనిపోవుచుండెను. కావున పోయినవాని స్థానమున నిలువగల మరియొక పిల్లవానిని వెదకుట రహీం నిత్యకృత్యమైనది.

ఎడమకాలి పాఠము

ఫుట్‌బాల్‌లో ప్రతి ఆటగానికిని ఒక కాలు మిక్కిలి వశమై ఉండును. కుడికాలి వాటమువాడు ఎడమప్రక్క వచ్చిన బంతిని గూడ చుట్టు తిరిగి కుడికాలితోనే తన్న జూచును. ఆ క్షణకాలపు ఆలస్యములో ప్రత్యర్థి వచ్చి మీదపడును. ఈ లోపమును పోగొట్టుటకై రహీం వశము కాని కాలితోనే ఆడవలెనను నియమముతో చిన్న చిన్న పోటీలు పెట్టించిరి. అట్లే బంతిని కాలివద్ద నుంచుకొని ఒక్కడే పరుగిడుట నిషిద్ధమైన పోటీలను గూడ నడిపించిరి. బంతి అందినదే తడవుగా తోటివానికి అందింపవలెను. మన పిల్లలకు ఒంటరిగా నలుగురిని తప్పించుకొనిపోవుటయందు మోజు మెండు. ప్రేక్షకులకు గూడ అదియే ముచ్చట. చప్పట్లు తెచ్చు ఆట వేరు, జట్టును గెలిపించు ఆట వేరు అని ఈ పోటీలు పిల్లలకు నోటిమాట లేకుండగనే బోధించెను.

ఈ పోటీల వలన మరియొక ప్రయోజనము కలిగెను. వాటమైన కాలిని కట్టివేసినచో పేరుమోసిన ఆటగాడును, ఊరుపేరు తెలియని కుర్రవాడును ఒకే మెట్టున నిలుతురు. ఎవడు తొందరగా నేర్చుకొనునో, ఎవడు విసుగుకొని మానుకొనునో అచ్చట తేటపడును. జట్టును ఏరువానికి ఇంతకంటె గొప్ప పరీక్ష వేరొకటి ఉండదు.

ఈ చూపునకు చిక్కిన మేలిముత్యము తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టిన పిల్లవాడు. శిక్షణకు సికింద్రాబాదు నుండి హైదరాబాదు వచ్చుటకు వానివద్ద డబ్బు లేకపోగా, సైకిలు అద్దెకై రహీం స్వయముగా రూపాయి ఇచ్చెడివారని చెప్పుకొందురు. ఆ పిల్లవాడు 1956లోను, 1960లోను ఒలింపిక్ క్రీడలకు వెళ్లెను. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అను మూడు పేర్లు భారత ఫుట్‌బాల్ చరిత్రలో విడదీయరాని త్రయముగా నిలిచెను.

హెల్సింకీ గుణపాఠము

1951లో ఢిల్లీ నగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు రహీం శిక్షణలోని భారత జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తానును ఓడించి, తుదిపోటీలో ఇరానును ఒక గోలుతో గెలిచెను. ఆ గోలు చేసినవాడు మేవాలాల్. జట్టు నాయకుడు శైలేన్ మన్నా. దేశమంతట జయధ్వానములు చెలరేగెను. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో అదే భారతదేశము యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోలుల తేడాతో ఓడెను. మనవారిలో పెక్కుమంది బూట్లు లేకుండ ఆడుటకు అలవాటుపడినవారు. చలిదేశపు తడిమైదానమున ఆ అలవాటు వారికి శత్రువైనది.

ఇంతటి పరాజయము తరువాత అభిమానుల కోపము ఆటగాండ్రపై పడుట సహజము. జట్టునంతటిని మార్చివేయుట తేలిక పరిష్కారముగా తోచును. కాని ఓటమికి కారణము ఆటగానియందున్నదా, ఆటపద్ధతియందున్నదా అని మొదట తేల్చుకొనవలెను. హెల్సింకీలో ఓడిన జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్‌లు నాలుగేండ్ల తరువాత మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులోను ఉండిరి. మారినది ఆట. బూట్లు తప్పనిసరియైనవి. ఇద్దరు ఫుల్ బ్యాకులు, ముగ్గురు హాఫ్ బ్యాకులు, అయిదుగురు ఫార్వర్డులతో ఆడు పాతకాలపు అమరికకు కాలము చెల్లినదని రహీం గ్రహించిరి.

ఆ కాలముననే ఐరోపాలో ఒక విప్లవము సాగుచుండెను. 1953 నవంబరులో హంగరీ జట్టు ఇంగ్లండును వెంబ్లీ మైదానమున ఆరుకు మూడు గోలులతో ఓడించెను. హంగరీ సెంటర్ ఫార్వర్డు హిదెగ్కుటి ముందువరుసలో నిలువక కొంత వెనుకకు జరిగి ఆడుచుండుటచే, అతనిని ఎవరు కాయవలెనో ఆంగ్లేయులకు తెలియలేదు. ఆ ఆటపోకడను రహీం శ్రద్ధగా అధ్యయనము చేసిరి. భారత జట్టులోను ముందువరుసవాని నొకనిని వెనుకకు దింపి, రక్షణవరుసను బలపరచిరి. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ జట్టు చూపి ప్రఖ్యాతము చేసిన అమరికకు దగ్గరగానున్న ఆటను భారత జట్టు అంతకుముందే ఆడినదని క్రీడాచరిత్రకారులు వ్రాసిరి.

అమరిక మారినచో ఏరిక గూడ మారును. నిన్నటివరకు పరుగు ఒక్కటే చాలిన స్థానమునకు నేడు ఆలోచన గూడ కావలసివచ్చును. ఎవరు గొప్ప ఆటగాడు అను ప్రశ్న వెనుకబడి, ఈ స్థానమునకు ఎవరు తగుదురు అను ప్రశ్న ముందునకు వచ్చును. అభిమాని మొదటి ప్రశ్నతోనే ఆగిపోవును. రహీం రెండవదానితో మొదలిడిరి.

మెల్‌బోర్న్ నుండి రోము వరకు

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఈ మార్పునకు ఫలము కనబడెను. సమర్ బెనర్జీ నాయకత్వమున భారత జట్టు డిసెంబరు 1వ తేదీన ఆస్ట్రేలియాను, వారి దేశముననే, నాలుగుకు రెండు గోలులతో ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసి, ఒలింపిక్ క్రీడలలో ఒకే ఆటలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసిగా పేరు పొందెను. నాలుగవ గోలు చేసినవాడు కిట్టు. సెమీఫైనలున యుగోస్లావియాపై మొదటి గోలు మనవారిదే; కాని తుదకు ఒకటికి నాలుగు గోలులతో ఓడిరి. మూడవ స్థానముకొరకు జరిగిన ఆటలో బల్గేరియా గెలువగా మనకు నాలుగవ స్థానము దక్కెను. అంతకుముందుగాని ఆ తరువాతగాని ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశము అంత ఎత్తునకు చేరలేదు.

నాయకుడు కలకత్తావాడు. గోలులు చేసిన డిసౌజా బొంబాయివాడు. హైదరాబాదులో ఆట నేర్చినవారు పలువురు ఆ జట్టున ఉండిరి. అట్టి జట్టును ఏరుటలో ఒక చిక్కు కలదు. ప్రతి ఊరివారికిని తమ ఊరి ఆటగాడే మేటి. అతడు బాగుగా ఆడిన నాలుగు ఆటలు వారు కన్నులార చూచియుందురు. పొరుగూరివాడు ఆడిన నలుబది ఆటలు వారు చూచియుండరు. ఈ ప్రేమ దోషము కాదు. ఆట బ్రతుకుచున్నది ఆ ప్రేమవలననే. కాని జట్టును ఏరువాడు అన్ని ఊళ్ల ఆటలను చూచినవాడై, ఏ ఊరివాడును కానివాడై ఉండవలెను.

1960లో రోము ఒలింపిక్ క్రీడలకు పి.కె. బెనర్జీ నాయకుడు. పడిన వర్గము మిక్కిలి కఠినమైనది. హంగరీతో ఒకటికి రెండు గోలుల తేడాతో ఓడిరి. ఆ ఒక్క గోలు బలరాం చేసినది. ఫ్రాన్సుతో ముందంజలోనుండి తుదకు ఒకటి ఒకటిగా సమము చేసికొనిరి. పెరూతో ఒకటికి మూడు గోలులతో ఓడిరి. గెలుపు లేకున్నను హెల్సింకీకిని రోమునకును నడుమ భారత ఫుట్‌బాల్ నడచిన దూరము ఈ అంకెలలోనే కనబడును. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలలో ఆడుట అదియే కడపటిసారి.

ఆ రోము జట్టునకు ఎన్నికైనవారిలో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఒకడు. శిక్షకుని కుమారుడు జట్టులో ఉన్నచో నోళ్లు ఊరకుండవు. హకీం రోము వెళ్లినాడు కాని ఒక్క ఆటయైనను ఆడలేదు. రెండేండ్ల తరువాత జకార్తా వెళ్లి స్వర్ణపతకము తెచ్చిన జట్టులో అతని పేరే లేదు. తరువాతి కాలమున హకీం అంతర్జాతీయ రెఫరీగా, శిక్షకుడుగా పేరుగాంచి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము పొంది, 2021లో మరణించెను. తండ్రి నీడ తనకు లాభింపకున్నను అతడు ఆటను విడువలేదు. పరులపిల్లలను పక్కనపెట్టు అధికారము గలవాడు తన బిడ్డ విషయమున గూడ అదే కొలతను వాడవలెనని ఈ వృత్తాంతము తెలుపును.

జకార్తా పరీక్ష

1962 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగెను. జట్టు నాయకుడు చునీ గోస్వామి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోలులతో మనవారు ఓడిరి. ఇచ్చట కోపముతో జట్టును చెల్లాచెదరు చేసియుండినచో కథ అంతటితో ముగిసియుండెడిది. పిదప థాయిలాండును నాలుగుకు ఒకటిగాను, జపానును రెండు గోలులతోను ఓడించి సెమీఫైనలు చేరిరి.

కాని గెలుపుతోపాటు గాయములు వచ్చెను. రక్షణవరుసకు వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బతగిలి కుట్లు పడెను. గోలుకీపరు పీటర్ తంగరాజ్ ఫ్లూ జ్వరముతో బాధపడెను. ఆ కాలపు ఆటకును నేటి ఆటకును గల ఒక భేదమును విద్యార్థులు గమనింపవలెను. ప్రపంచ కప్పు పోటీలలో సైతము 1970 వరకు ఆట నడుమ ఒకనిని తీసి మరియొకనిని దింపు వీలు లేకుండెను. ఏరిన పదకొండుగురితోనే తొంబది నిమిషములు గడపవలసిన కాలమది. ఏరికలో జరిగిన పొరపాటును సవరించుకొను అవకాశమే లేదు.

ఇట్టి స్థితిలో రహీం ఎవరును ఊహింపని పనిచేసిరి. కుట్లు పడిన జర్నైల్‌ను అతని సహజస్థానమైన రక్షణవరుసనుండి తీసి సెంటర్ ఫార్వర్డుగా నిలిపిరి. చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్‌లు రక్షణభారము మోయగలరని ఆయన నమ్మకము. దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలున మనవారు మూడుకు రెండు గోలులతో గెలిచిరి. అందులో ఒక గోలు జర్నైల్‌ది.

తుదిపోటీకి ముందు అంతకంటె కఠినమైన ప్రశ్న ఎదురయ్యెను. సెమీఫైనలులో గోలు కాచినవాడు యువకుడైన ప్రద్యుత్ బర్మన్. గెలిచిన జట్టును మార్చరాదనుట ఆటలో ఒక నానుడి. మరి జ్వరమునుండి కోలుకొనిన తంగరాజ్‌ను ఏమిచేయవలెను? ప్రత్యర్థి మరల దక్షిణ కొరియా. తంగరాజ్ ఆరడుగులకు మించిన పొడగరి. ఎత్తుగా వచ్చు బంతులను అందుకొనుటలో దిట్ట. ఆటగాని నాటి ఆటతీరును అభిమానులు ఫామ్ అందురు. ఫామ్ ఒక్కదానినే చూచినచో బర్మన్ ఆడవలెను. ప్రత్యర్థిని, ఆటతీవ్రతను, అనుభవమును గూడ తూచినచో తంగరాజ్ ఆడవలెను. రహీం తంగరాజ్‌నే ఎన్నిరి. ఏ తప్పును చేయని బర్మన్ తుదిపోటీని బయటనుండి చూడవలసివచ్చెను. జట్టు గెలిచినచో అట్టివాని త్యాగము నెవరును తలపరు. ఓడినచో ఏరినవానిని ఎవరును క్షమింపరు.

మైదానము వెలుపల వాతావరణము సైతము ప్రతికూలముగానుండెను. ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని రానీయకపోవుటను భారతీయుడైన క్రీడాధికారి జి.డి. సోంధీ ఆక్షేపించుటచే ఇండోనేషియాలో భారతీయులపై ఆగ్రహము రేగెను. భారత రాయబార కార్యాలయముపై గుంపులు దాడిచేసెను. సెప్టెంబరు 4వ తేదీన లక్షమంది ప్రేక్షకుల నడుమ తుదిపోటీ జరిగినప్పుడు ఆ జనసముద్రమునందు అత్యధికులు మనవారిని గేలిచేయుచునే ఉండిరి.

పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ గోలు చేసెను. ఇరువదవ నిమిషమున తలకు కట్టుతోనున్న జర్నైల్ సింగ్ రెండవది చేసెను. ఆట చివరలో కొరియా ఒక గోలు తిరిగి సాధించెను గాని, అంతకుమించి తంగరాజ్‌ను దాటి బంతి పోలేదు. రెండుకు ఒకటిగా భారతదేశము గెలిచెను.

గెలుపు సకలమును సమర్థించునని మాత్రము తలపరాదు. తలకు దెబ్బ తగిలినవానిని కొలది దినములకే ఆడించుట నేటి వైద్యశాస్త్రము మెచ్చు పని కాదు. తలగాయముల విషయమున నేటి ఆటనియమములు ఎంతయో జాగ్రత్త వహించుచున్నవి. జర్నైల్ ధైర్యమును కొనియాడవలెను; నేటి పాఠశాల పిల్లవానిని అట్లు ఆడింపరాదనియు తెలిసికొనవలెను.

అస్తమయము

జకార్తా విజయము రహీం జీవితమున కడపటి వెలుగు. కొలది నెలలలోనే క్యాన్సరు వ్యాధి ఆయనను మంచమునకు కట్టివేసెను. 1963 జూన్ 11వ తేదీన ఆయన కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. అదే కాలమున బలరాం సైతము అనారోగ్యకారణమున చిన్నవయస్సుననే పెద్ద ఆటలకు దూరమయ్యెను. 1970 ఆసియా క్రీడలలో భారతదేశమునకు కాంస్యపతకము దక్కినది. ఫుట్‌బాల్ స్వర్ణము మాత్రము 1962 తరువాత మరల మన దేశమునకు రాలేదు. శిక్షకులకిచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో నెలకొల్పబడెను. అప్పటికి రహీం గతించి ఇరువదేండ్లు దాటినది. చిరకాలము ఆయన పేరు హైదరాబాదు మైదానములలో, వృద్ధులైన ఆటగాండ్ర ముచ్చటలలో మాత్రమే వినబడుచుండెను. 2024లో ఆయన జీవితము ఆధారముగా మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడుటతో క్రొత్త తరమువారికి ఆ పేరు తెలిసినది.

ఆయన నడిపిన ఆటపద్ధతులు కాలముతో పాతబడినవి. పాతబడనిది ఆయన కొలత. పేరును చూచి ఎన్నలేదు. ఓటమిని చూచి త్రోసివేయలేదు. ఆటగాని కాలిని, మనస్సును, ఎదుటి జట్టును, ఆనాటి అక్కరను తూచి ఎన్నిరి. తన కుమారుని కొలిచినప్పుడును అదే త్రాసు వాడిరి. ఎన్నిన పిమ్మట నిందను తానే మోసిరి.

నేడును రేపల్లె, తెనాలి, బాపట్ల వంటి ఊళ్ల పాఠశాలలలో పోటీల దినములు వచ్చినప్పుడు వ్యాయామోపాధ్యాయుడు కాగితము తీసికొని పదకొండు పేర్లు వ్రాయవలసియుండును. పేరు రాని పిల్లలు ఆ కాగితమును పదేపదే చదువుదురు. ఆ పిల్లలకు ఏల తమ పేరు లేదో, రేపు ఆ పేరు వచ్చుటకు ఏమి చేయవలెనో విప్పి చెప్పగల ఉపాధ్యాయుడు రహీం త్రోవలో నడచువాడే.